పెద్ద పియానో కాదు, పిల్లల శ్రుతికి దిగే పియానో కావాలి

వార్షికోత్సవం తేదీ ఖరారు కాగానే మన తెలుగు బడుల్లో మొదలయ్యే పని ఒకటుంది: పిల్లలు పాడబోయే పాటకు ఫోనులో ట్రాక్ వెతకడం. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా, సోలాపూరైనా, యానామైనా ఇదే వరస. దొరికిన ట్రాక్ ఏ శ్రుతిలో ఉంటే పిల్లలు ఆ శ్రుతిలో పాడాలి. అది ఎంత వేగంగా పరిగెడితే అంత వేగంగా పరిగెత్తాలి. పై స్థాయిలో గొంతు చీలుతుంది, కింది స్థాయిలో మాట వినిపించదు. సినీ గాయకుల కోసం కుట్టిన చొక్కాను ఎనిమిదేళ్ల పిల్లలకు తొడిగి, బాగుందని చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోతున్నాం.

ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు వేరే దారి పడుతున్నారు. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కు చిన్న కీబోర్డు తగిలించి, పియానో సాఫ్ట్‌వేర్ సాయంతో పక్క వాయిద్యాన్ని తామే తయారు చేసుకుంటున్నారు. మంచి దారే. అయితే ఆ దారిలో అడుగు పెట్టగానే అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ‘అచ్చం నిజం పియానోలా మోగేది ఏది?’ ఆ ప్రశ్నే మనల్ని సగం పక్కదారి పట్టిస్తోందని నా అభిప్రాయం. కచేరీ హాల్లో ఒంటరిగా మోగే పియానోను పోలి ఉండటం వేరు, మూడో తరగతి పిల్ల పాటకు తోడుగా నిలబడటం వేరు. మనం డబ్బు, సమయం పెట్టాల్సింది రెండోదానికి.

నిజం పియానో అంటే ఏమిటి?

1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలొమేయో క్రిస్తోఫోరి తయారు చేసిన వాయిద్యం ఇది. ఇవాళ్టి పియానోలో 88 మెట్లు, సుమారు 230 తీగలు ఉంటాయి. మెట్టు నొక్కితే ఉన్ని గుడ్డ చుట్టిన సుత్తి తీగను కొడుతుంది. గట్టిగా కొడితే శబ్దం పెద్దదవడమే కాదు, దాని రంగే మారుతుంది, పదునెక్కుతుంది. మెల్లగా కొడితే గుండ్రంగా, మెత్తగా వస్తుంది. కాబట్టి గట్టిగా కొట్టిన శబ్దాన్ని రికార్డు చేసి వాల్యూమ్ తగ్గించినంత మాత్రాన అది మెల్లగా కొట్టిన శబ్దం అయిపోదు. చవక కీబోర్డుల్లో పియానో ‘ఉత్తుత్తిది’గా వినిపించడానికి అసలు కారణం ఇదే.

ఈ తేడాను పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్‌లు రెండు దారులు తొక్కుతాయి. మొదటిది శాంపిల్ దారి. నిజం పియానో ముందు మైకులు పెట్టి, ఒక్కో మెట్టును పలు బలాలతో కొట్టి రికార్డు చేస్తారు. మనం మెట్టు నొక్కినప్పుడు ఆ బలానికి సరిపోయే రికార్డింగు మోగుతుంది. అలెగ్జాండర్ హోమ్ ఉచితంగా అందించిన సలమాండర్ గ్రాండ్ పియానో ఇందుకు చక్కటి ఉదాహరణ. యమహా సి5 పియానోను మూడు మెట్లకు ఒకటి చొప్పున, ఒక్కోదాన్ని 16 బలాలతో రికార్డు చేశారు. అంటే 30 మెట్లు, ఒక్కోదానికి 16 చొప్పున 480 దెబ్బలు. మధ్యలో మిగిలిన మెట్లను పక్కదాని శబ్దాన్ని కాస్త పైకో కిందికో జరిపి పూరిస్తారు. ఈ దారిలోనే వెళ్లిన ఖరీదైన గారిటన్ సీఎఫ్ఎక్స్ కోసం లండన్‌లోని అబ్బీ రోడ్ స్టూడియోలో యమహా సీఎఫ్ఎక్స్ పియానోను రికార్డు చేశారు. పూర్తి రూపంలో దానికి 100 గిగాబైట్లకు పైగా చోటు కావాలి.

రెండోది లెక్కల దారి. ఇందులో రికార్డింగు ఉండదు. సుత్తి, తీగ, చెక్క పలక ఎలా కంపిస్తాయో గణిత సూత్రాలుగా రాసి, మెట్టు నొక్కిన క్షణంలోనే శబ్దాన్ని పుట్టిస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన మోడార్ట్ సంస్థ 2006లో తెచ్చిన పియానోటెక్ ఈ కోవలోది. చోటు పదుల మెగాబైట్లలోనే సరిపోతుంది కానీ ప్రాసెసర్‌కు పని ఎక్కువ. పెడల్ తొక్కినప్పుడు అన్ని తీగలూ ఒకదానికొకటి స్పందించి హోరెత్తే తీరును ఇది బాగా పట్టుకుంటుంది. ఒంటి శబ్దంగా వింటే మంచి శాంపిల్ పియానోలో ఉన్న చెక్క వాసన ఇందులో తక్కువని కొందరంటారు. ఆ మాటా కొట్టిపారేయలేం.

మన ఇళ్లలో, మన బడుల్లో ఏది పనికొస్తుంది? కంప్యూటర్ చూసి నిర్ణయించుకోవాలి. 4 గిగాబైట్ల ర్యామ్, సగం నిండిన హార్డ్ డిస్కు ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో 100 గిగాబైట్ల పియానో అంటే ఒంటెద్దు బండికి లారీ బరువు ఎత్తడమే. అలాంటి చోట సలమాండర్ చిన్న రూపాలు నడుస్తాయి. వాటిని మోగించడానికి ప్లోగ్ సంస్థ వారి స్ఫోర్‌జాండో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ప్రాసెసర్ కాస్త కొత్తదైతే పియానోటెక్ ట్రయల్ దించుకుని చూడవచ్చు. ట్రయల్‌లో కొన్ని మెట్లు పలకవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది. అయినా మన యంత్రంలో నడుస్తుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. ఆపిల్ కంప్యూటరో ఐప్యాడో ఇంట్లో ఉంటే గరాజ్‌బ్యాండ్‌లో ఉన్న పియానోతోనే మొదటి ఏడాది గడిచిపోతుంది.

వినడం కంటే వేలి కింద చూడటం ముఖ్యం

కంపెనీలు వినిపించే నమూనాలను నమ్ముకుని కొనవద్దు. వాటిని వాయించేది ఆరితేరినవారు. వాయించేది ఒంటరి పియానో. పైగా హాలు గుంభనాన్ని దండిగా కలుపుతారు. అలా వింటే ఏదైనా బాగుంటుంది. మనకు కావాల్సినవి మూడు పరీక్షలు.

మొదటిది, ఆలస్యం. మెట్టు నొక్కాక శబ్దం ఎంతసేపటికి వస్తోంది? దీన్ని లేటెన్సీ అంటారు. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న ముద్దలుగా పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన ముద్ద పరిమాణం 128 అయితే ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపు, 512 అయితే 12కు దగ్గర, 1024 అయితే 23. దీనికి యంత్రం సొంత ఆలస్యం కూడా తోడవుతుంది. 23 దాటితే పెద్దలకే తాళం జారుతుంది, పిల్లలైతే ‘నాకు రాదు’ అని లేచిపోతారు. ఎంత ఖరీదైన పియానో అయినా ఆలస్యంగా పలికితే అది నిజం పియానో కాదు. విండోస్‌లో ఏసియో డ్రైవర్ వాడితే ఈ ఆలస్యం చాలావరకు తగ్గుతుంది. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ‘సాఫ్ట్‌వేర్ బాగాలేదు’ అనేవారు కొందరుంటారు. ఆలస్యం బ్లూటూత్‌ది, పాపం పియానోది కాదు. తీగ ఉన్న హెడ్‌ఫోన్ వాడండి.

రెండోది, మెత్తదనం. ఒకే మెట్టును అతి మెల్లగా మొదలుపెట్టి క్రమంగా బలం పెంచుతూ పది పన్నెండు సార్లు కొట్టి చూడండి. శబ్దం మెట్లు ఎక్కినట్టు గెంతకుండా వాలు ఎక్కినట్టు పెరగాలి. ముఖ్యంగా కింది కొసన, అంటే మెల్లగా వాయించేచోట శ్రద్ధగా వినండి. పిల్లల పాటకు తోడుగా మనం వాయించేదంతా అక్కడే కదా. గట్టిగా కొట్టినప్పుడు గంభీరంగా మోగి, మెల్లగా కొడితే ప్రాణం పోయే పియానోలు చాలానే ఉన్నాయి.

మూడోది, మాట. పిల్లో పిల్లాడో పక్కన నిలబడి పాడుతుండగా వాయించి, రికార్డు చేసి, మరునాడు వినండి. సాహిత్యం ప్రతి అక్షరం తెలుస్తోందా? తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలికితేనే మాట పూర్తవుతుంది. పెడల్ ఎత్తకుండా తొక్కి ఉంచితే, గుంభనం ఎక్కువ పెడితే ఆ చివరి అచ్చును పియానో మింగేస్తుంది. పదునుగా మోగే కచేరీ పియానో హల్లుల మీద కూడా పడుతుంది. గోడకు ఆనించి పెట్టే చిన్న పియానో శబ్దం, లేదా సుత్తికీ తీగకూ మధ్య గుడ్డ అడ్డుపెట్టిన మెత్తటి శబ్దం ఇక్కడ పెద్ద పియానో కంటే మేలు చేస్తుంది. చాలా ఉచిత పియానోల్లో అవి దొరుకుతాయి.

మన బడులకు ఈ మూడో పరీక్ష మరీ అవసరం. వారానికి కొన్ని గంటలు మాత్రమే తెలుగు వినే పిల్లలు ఉన్నారు. తమిళనాడులో కొందరు పిల్లలు పాటను తమకు బాగా వచ్చిన తమిళ లిపిలో రాసుకుని నేర్చుకుంటారు. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ఒత్తులకు చోటే లేదు. అలాంటి పిల్లలకు మాట సరిచేసుకునే అవకాశం పాటలోనే దొరుకుతుంది. పాట నెమ్మదిగా నడిస్తేనే ఆ అవకాశం ఉంటుంది. దించుకున్న ట్రాక్ మన కోసం నెమ్మదించదు.

అసలు లాభం శబ్దంలో లేదు

ఇక్కడికే రావాలనుకున్నాను. ఫోనులో దొరికిన ట్రాక్ కూడా ఒక శబ్దమే, మనం చేసుకున్నదీ ఒక శబ్దమే. తేడా ఎక్కడుంది? మనం కీబోర్డు మీద వాయించినప్పుడు కంప్యూటర్ దాచుకునేది శబ్దాన్ని కాదు, ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత బలంతో నొక్కాం అన్న లెక్కను. 1983 నుంచి వాడుకలో ఉన్న మిడి పద్ధతి ఇది. బలాన్ని 0 నుంచి 127 దాకా అంకెల్లో రాసుకుంటుంది.

దాని వల్ల ఏమిటి? ఒక ఉపాధ్యాయురాలు పాటను ఒకటి శ్రుతిలో ఒక్కసారి వాయించి ఉంచితే చాలు. పాడే పిల్లకు అయిదు శ్రుతి కావాలా, నాలుగున్నర కావాలా, అన్ని మెట్లనూ ఒక్క మాటతో జరపవచ్చు. మళ్లీ వాయించనక్కర్లేదు. నేర్చుకునే రోజుల్లో సగం వేగంలో, వేదిక మీద అసలు వేగంలో నడిపించవచ్చు. శబ్దం సాగదు, చెడదు. రికార్డయిన ట్రాక్‌ను కూడా జరపవచ్చు కానీ ఎక్కువ జరిపేకొద్దీ గొంతు నొక్కినట్టు, డబ్బాలో మోగినట్టు తయారవుతుంది.

ఇంకో సంగతి. మిడి ఫైలు మామూలుగా పదుల కిలోబైట్లు దాటదు. బళ్లారిలో ఒక బడి చేసుకున్న పక్క వాయిద్యం బరంపురం బడికి ఫోనులో క్షణంలో వెళుతుంది. అక్కడివారు తమ దగ్గరున్న పియానోతో, తమ పిల్లల శ్రుతిలో మోగించుకుంటారు. ఇద్దరి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్ ఉండాల్సిన పని లేదు. సంగీతం టీచరు లేని చిన్న బడులు మనకు ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలుసు. ఒక టీచరు వేళ్లు పది బడులకు పనికిరావడం ఇలాగే సాధ్యం. పాతిక పాటలతో ఇలాంటి ఉమ్మడి పెట్టె ఒకటి మొదలుపెట్టమని ప్రతి రాష్ట్రంలోని మన ఉపాధ్యాయులను కోరుతున్నాను. దానికి 100 గిగాబైట్ల పియానో అక్కర్లేదు.

పియానో ఎక్కడ ఆగాలి

అన్నిటికీ పియానో పెట్టేయమని నేననడం లేదు. పియానో స్వరస్థానాలు కదలవు. మన గమకం స్వరానికీ స్వరానికీ మధ్య నడుస్తుంది. తోడినో వరాళినో పియానో మీద వాయించి పిల్లలకు వినిపిస్తే అదే రాగమని వాళ్ల చెవి స్థిరపడుతుంది. ఆ చెవిని తర్వాత దిద్దడం కష్టం. కీబోర్డులకు స్వరాన్ని వంచే చక్రం ఉంటుంది నిజమే, కానీ వంగిన పియానో శబ్దం పియానోలానూ ఉండదు, వీణలానూ ఉండదు. వర్ణాలకు, కీర్తనలకు తంబుర శ్రుతి చాలు. కుదిరితే వయొలిన్ నేర్చినవారిని పిలవండి.

ఈ చర్చ కొత్తదీ కాదు. స్వరాలు కదలవనే కారణంతోనే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని పక్కన పెట్టింది. ఆ పట్టు సడలడానికి దశాబ్దాలు పట్టింది. అదే కాలంలో మన పద్యనాటకం మాత్రం హార్మోనియం లేనిదే తెర ఎత్తలేదు. ఎందుకంటే అక్కడ హార్మోనియం నటుడి ముందు నడవలేదు, వెనక నడిచింది. శ్రుతి అందించింది, పద్యం సాగినంతసేపు ఆగింది, రాగం ముగిశాక అందుకుంది. పియానో సాఫ్ట్‌వేర్‌కు కూడా నేను అడిగేది ఆ స్థానమే.

అయితే పియానోకు హాయిగా ఒదిగేవి మనకు లేకపోలేదు. బాలగేయాలు, ప్రార్థన గీతాలు, లలిత గీతాల్లో చాలావాటికి అది చక్కగా నప్పుతుంది. శంకరాభరణం స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో సరిపోతాయి. ముత్తుస్వామి దీక్షితులు ఆ కాలపు పాశ్చాత్య బాణీలకు సాహిత్యం రాసి చేసిన నొట్టుస్వరాలు పిల్లలకు నేర్పడానికి అనువైనవి, పియానోకు ఇంకా అనువైనవి. మోహనంలో ఉన్న తేలిక పాటలు కూడా అంతే. ఇక మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే లాలిపాటలకైతే ముందు వాళ్ల గొంతును ఉన్నదున్నట్టు రికార్డు చేయండి. ఏ వాయిద్యం కలపకండి. పక్క వాయిద్యం తర్వాతైనా చేసుకోవచ్చు. ఆ గొంతు మాత్రం తర్వాత దొరకదు.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

తల్లిదండ్రుల కమిటీ కొంత డబ్బు కూడగడితే మొదట కొనాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు. వేలి బలాన్ని గుర్తించే కీబోర్డు. బలం తెలియని కీబోర్డుతో 16 బలాల పియానో ఉన్నా మోగేది ఒకే బలం. పక్క వాయిద్యానికి 61 మెట్లు సరిపోతాయి. ఇంట్లో ఇప్పటికే కేసియోనో యమహానో ఉంటే వెనక యూఎస్‌బీ సాకెట్టు ఉందేమో చూడండి. ఉంటే చాలావాటిని అలాగే కంప్యూటర్‌కు తగిలించవచ్చు, కొత్తది అక్కర్లేదు. తర్వాత ఒక పెడల్, తీగ ఉన్న హెడ్‌ఫోన్, గొంతు రికార్డు చేయడానికి మాదిరి మైకు. రికార్డింగుకు రీపర్ వంటి సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూసి తర్వాత కొనవచ్చు. డబ్బు పెట్టి పియానో సాఫ్ట్‌వేర్ కొనడం అన్నిటికంటే ఆఖరు. ఉచిత పియానోతో ఒక ఏడాది పనిచేశాక, దానిలో మనకేం తక్కువైందో మనమే చెప్పగలిగిన రోజున కొనాలి. ఏం తక్కువైందో చెప్పలేకపోతే కొనాల్సిన అవసరం ఇంకా రాలేదన్నమాట.

కొనేటప్పుడు రెండు విషయాలు గమనించండి. కొన్ని పియానోలు నడవాలంటే కాంటాక్ట్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఉండాలి. దాని ఉచిత రూపమైన కాంటాక్ట్ ప్లేయర్‌లో అన్నీ నడవవు. అనుమతి లేనివి 15 నిమిషాల తర్వాత ఆగిపోతాయి. ‘ఉచిత పియానో’ అని దించుకుని, దాన్ని మోగించడానికి ఖరీదైన పెట్టె కొనాల్సి రావడం ఇలాగే జరుగుతుంది. రెండోది, లైసెన్సు. ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు, ఒకరి పేరిట కొన్నది బడిలో వాడవచ్చా అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. నవంబరు చివర చాలా కంపెనీలు ధర తగ్గిస్తాయి, తొందర లేకపోతే అప్పటిదాకా ఆగండి.

దొంగ కాపీల గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్‌ను బడి కంప్యూటర్‌లోకి రానివ్వకండి. దాంతోపాటు వైరస్ వస్తుందన్నది ఒక కారణం. ఇంకా పెద్ద కారణం, పిల్లలు చూస్తుంటారు. ఉచితంగా, సక్రమంగా దొరికే పియానోలు ఇన్ని ఉండగా దొంగ సరుకుకు సాకు లేదు.

పాటల హక్కులపై కూడా భయాలున్నాయి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, బడి కార్యక్రమంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు పాడితే, వినేవారు బడివారూ తల్లిదండ్రులూ సంరక్షకులూ వంటివారే అయితే, దానికి వెసులుబాటు ఉంది. అదే పాటను ఇంటర్నెట్‌లో పెడితే లెక్క వేరు. రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా సాహిత్యానికి హక్కు ఉంటుంది. అందుకే ఉమ్మడి పెట్టెలో తరతరాల పాటలు, హక్కులు తీరిన పాటలు, మన ఉపాధ్యాయులు సొంతంగా రాసిన పాటలు పెట్టుకోవడం మేలు.

‘లెక్కలు, సైన్సుకే సమయం చాలడం లేదు, ఇదంతా ఎక్కడ?’ అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. బడిలో తెలుగు ఒక పీరియడ్‌కు కుదించుకుపోయిన చోట, పిల్లలు పరీక్ష కోసం కాకుండా తెలుగు నోటికి తెచ్చుకునే వేళలు చాలా తక్కువ. పాట అందులో ఒకటి. ఆ కాస్త వేళలో కూడా ఎవరి గొంతుకో సరిపోయే శ్రుతిలో అరిచి అలసిపోతే ‘తెలుగు పాట నా వల్ల కాదు’ అన్న మాట మిగులుతుంది.

కాబట్టి ఈ ఏడాది వార్షికోత్సవానికి ఒక్క పాటతో మొదలుపెట్టండి. పాడబోయే పిల్లను పిలిచి, పాటలో అతి కింది స్వరం, అతి పై స్వరం హాయిగా పలుకుతున్నాయో లేదో చూడండి. శ్రుతి ఖాయం చేయండి. తర్వాతే ల్యాప్‌టాప్ తెరవండి. పియానో ఏదైనా ఫర్వాలేదు, ఆ శ్రుతికి దిగి రావాలి.